ట్రస్టీగా చేరమంటున్నారు, సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌గా చేస్తున్నాను. అజిత్‌సింగ్ నగర్‌లో పిల్లలకు సాయంత్రం ట్యూషన్లు చెప్పించి, ఆదివారాలు ఆసుపత్రి దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లకు భోజనం పెట్టే చిన్న ట్రస్టు ఒకటుంది. కొంతకాలంగా వెళ్లి పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ఇప్పుడు ట్రస్టీగా చేరమంటున్నారు, జీతమేమీ ఉండదు. నేను డబ్బు పెట్టాలా? రేపు ఏదైనా తేడా వస్తే నా మీదకు వస్తుందా? ఇంట్లోవాళ్లు వద్దంటున్నారు. అమెరికాలో ఉన్న మా అన్నయ్య ఏటా కొంత పంపిస్తానంటున్నాడు, తీసుకోవచ్చా?

సమాధానం:

చేరండమ్మా. కాకపోతే ఈ నెలలోనే చేరాలని ఏమీ లేదు. ముందు కాగితాలు అడిగి తెప్పించుకుని చదవండి. వాళ్ల మీటింగ్ ఒకదానికి ఊరికే వెళ్లి కూర్చోండి. సంతకం సంగతి ఆ తర్వాత చూద్దురుగాని. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. గుంటూరులో ఒక సొసైటీకి కోశాధికారిగా, విజయవాడలో ఒక ట్రస్టుకు ట్రస్టీగా చాలా ఏళ్లుగా ఉన్నాను. కాగితాలు అడిగితే మొహం మాడ్చుకున్నవాళ్లనూ చూశాను, ఫైలు తెచ్చి ఒళ్లో పెట్టినవాళ్లనూ చూశాను. మీకు ఏ రకం వాళ్లు ఎదురవుతారో అడిగిన రోజే తెలిసిపోతుంది. కాగితాలు చదవక ముందే సగం జవాబు దొరికినట్టు.

ఇప్పటిదాకా మీరు వాలంటీరు. క్లాసు అయిపోతే మీ బాధ్యత అయిపోయినట్టే. ట్రస్టీ సంగతి వేరు. కంపెనీకి ఉన్నట్టు ట్రస్టుకు చట్టం దృష్టిలో విడిగా ఒక మనిషి హోదా ఉండదు. ఆస్తి, డబ్బు ట్రస్టీల చేతిలో ఉంటాయి, కేసు వేసినా ట్రస్టీల మీదే వేస్తారు. అందుకని మొదటి ప్రశ్న: అది నిజంగా ట్రస్టేనా? మన ఊళ్లలో బోర్డు మీద ఏం రాసి ఉన్నా జనం అన్నిటినీ ట్రస్టు అనే అంటారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో డీడ్ (ట్రస్టు దస్తావేజు) రిజిస్టరై ఉంటే ట్రస్టు. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో నమోదైతే సొసైటీ. అప్పుడు మీరు ట్రస్టీ అవరు, కార్యవర్గ సభ్యురాలవుతారు. ఎన్నిక, మహాజన సభ, ఏటా రిజిస్ట్రార్‌కు కమిటీ జాబితా, ఆ వరస వేరే ఉంటుంది. కంపెనీల చట్టంలోని సెక్షన్ 8 కింద లాభాపేక్ష లేని కంపెనీగా పెట్టినదైతే డైరెక్టర్ అవుతారు. మీరు రాసినదాన్ని బట్టి ఇది ట్రస్టే అనుకుని చెబుతున్నాను.

డీడ్ కాపీ తీసుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవండి. ఆశయాల క్లాజు అందరూ చదువుతారు, అందులో తప్పులు పెద్దగా ఉండవు. అసలు చూడాల్సినవి వెనక పేజీల్లో ఉంటాయి. ట్రస్టీని ఎవరు నియమిస్తారు, ఎవరు తీసేయొచ్చు, పదవీకాలం ఎంత, మీటింగ్‌కు కనీసం ఎంతమంది రావాలి, బ్యాంకు ఖాతా ఎవరి సంతకంతో నడుస్తుంది, ట్రస్టు మూతపడితే ఆస్తి ఎక్కడికి పోతుంది, ఇవి. చాలా డీడ్లు దస్తావేజు లేఖరి దగ్గర ఉన్న పాత నమూనాలో పేర్లు మార్చి రాయించినవే. అందుకే కొన్నింటిలో 'అన్ని విషయాల్లోనూ మేనేజింగ్ ట్రస్టీ నిర్ణయమే తుది నిర్ణయం' అనే వాక్యం కనిపిస్తుంది. ఆ వాక్యం ఉంటే, మిగతా ట్రస్టీలంతా భార్య, కొడుకు, బావమరిది అయితే, మీ పేరు అలంకారానికి అడుగుతున్నారేమో ఆలోచించుకోండి. బయటివాళ్లు ఒకరు ఉంటే దాతలకు నమ్మకం కుదురుతుందని అలా అడగడం మామూలే. అలాంటి చోట కూడా మంచి పనులు జరుగుతుంటాయి, కాదనను. మీరు వాలంటీరుగానే కొనసాగి పిల్లలకు లెక్కలు చెప్పుకోవచ్చు.

రాజీనామా క్లాజు తప్పకుండా చూడండి. 1882 నాటి ట్రస్టుల చట్టం 46వ సెక్షన్ ప్రకారం, ఒకసారి ఒప్పుకున్న ట్రస్టీ తనంతట తాను వదిలేసి పోవడానికి లేదు. డీడ్‌లో ఆ వీలు ఉండాలి, లేదా లబ్ధిదారులు ఒప్పుకోవాలి, లేదా కోర్టు అనుమతి ఇవ్వాలి. ఆ చట్టం రాసింది ప్రైవేటు ట్రస్టుల కోసమే. అయినా ఇలాంటి ధార్మిక ట్రస్టుల గొడవల్లోనూ కోర్టులు అందులోని సూత్రాలనే చూస్తాయి. డీడ్‌లో 'ట్రస్టీ లిఖితపూర్వకంగా నోటీసు ఇచ్చి వైదొలగవచ్చు' అన్న మాట ఉంటే ఏ బాధా లేదు. లేకపోతే చేరకముందే సవరణ అడగండి. సవరించే అధికారం డీడ్‌లో ఉంటే అది పెద్ద పనేమీ కాదు.

ఇక లెక్కలు. గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, 12ఏ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషన్ ఉత్తర్వులు అడగండి. ఆదాయపు పన్ను చట్టం మారి, 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లూ మారాయి. అయినా ఆడిటర్ల దగ్గర, దాతల దగ్గర ఇంకా పాత పేర్లే నడుస్తున్నాయి కాబట్టి నేనూ అవే వాడుతున్నాను. ఇక్కడ ఒక ప్రశ్న గట్టిగా అడగండి: రెన్యువల్ చేయించారా? 2021లో పాత ట్రస్టులన్నీ మళ్లీ నమోదు చేసుకోవాల్సి వచ్చింది, ఐదేళ్లకు ఇచ్చారు. ఆ గడువు 2026 మార్చితో ముగిసింది. దానికి ఆరు నెలల ముందే, అంటే 2025 సెప్టెంబరు 30 లోపే దరఖాస్తు పెట్టుకోవాల్సింది. చిన్న ట్రస్టుల్లో ఇలాంటివి ఆడిటర్ చూసుకుంటాడని కార్యదర్శి, కార్యదర్శి చెబుతాడని ఆడిటర్ అనుకుంటూ ఉండిపోతారు. రిజిస్ట్రేషన్ పోతే పన్ను మినహాయింపు పోవడంతో ఆగదు. అప్పటిదాకా కూడిన ఆస్తి మార్కెట్ విలువలోంచి అప్పులు తీసేసి, మిగిలినదాని మీద గరిష్ఠ రేటుతో పన్ను పడే నిబంధన ఉంది. సొంత స్థలం, బిల్డింగ్ ఉన్న ట్రస్టుకు అది తట్టుకోలేని దెబ్బ.

ఆడిట్ రిపోర్టు చూసి భయపడకండి. లెక్కలు చెప్పేవారికి అందులో అర్థంకానిది ఏమీ ఉండదు. బ్యాలెన్స్ షీట్‌లోని బ్యాంకు నిల్వ, మార్చి 31 నాటి పాస్‌బుక్ నిల్వ ఒకటేనా చూడండి. తేడా ఉంటే ఇంకా బ్యాంకులో పాస్ కాని చెక్కుల వల్లేనా అని అడగండి. 'అడ్వాన్సులు' అన్న పద్దు కింద ఏటా అదే మొత్తం కదలకుండా ఉంటే ఎవరికిచ్చారో అడగండి. అద్దె కడుతుంటే ఆ ఇల్లు ఎవరిదో కనుక్కోండి. ట్రస్టీ సొంత ఇల్లే అద్దెకు తీసుకోవడం తప్పనిసరిగా నేరం అని కాదు, కానీ మార్కెట్ అద్దెకంటే ఎక్కువ ఇస్తే ట్రస్టీకి లాభం చేకూర్చినట్టు లెక్క. పన్ను మినహాయింపు దెబ్బతినేది అక్కడే. ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఆశయాల మీద ఖర్చు పెట్టాలన్న నిబంధన కూడా గుర్తుంచుకోండి. డబ్బు దాచిపెట్టుకోవాలంటే దానికో పద్ధతి, ఒక ఫారం ఉన్నాయి.

మీ మీదకు వస్తుందా అన్నారు. రావచ్చు, అయితే ఎప్పుడు వస్తుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. చట్టం అడిగేది ఒకటే, మామూలు తెలివిగల మనిషి తన సొంత ఆస్తిని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో ట్రస్టు ఆస్తినీ అంత జాగ్రత్తగా చూడమని. అలా చూసినా నష్టం వస్తే మీది తప్పు కాదు. సాటి ట్రస్టీ తప్పు చేస్తే ఆ తప్పు దానంతటదే మీ మెడకు చుట్టుకోదు కూడా. కానీ ఆయన తప్పు చేస్తున్నాడని తెలిసీ మీరు ఊరుకుంటే, లేదా డబ్బు ఆయన చేతికిచ్చి ఆ తర్వాత అడగకుండా వదిలేస్తే, నష్టాన్ని పూడ్చే బాధ్యత ఇద్దరి మీదా పడుతుంది. పైగా ధార్మిక ట్రస్టు విషయంలో సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద సంబంధం ఉన్న ఇద్దరు మనుషులు కోర్టు అనుమతి తీసుకుని దావా వేయొచ్చు. ట్రస్టీలను తీసేయమనీ, లెక్కలు చెప్పించమనీ అడగొచ్చు.

కాబట్టి మిమ్మల్ని కాపాడేది మినిట్స్ బుక్. చాలా ట్రస్టుల్లో అది ఎలా ఉంటుందో చెబుతాను. గట్టి అట్ట ఉన్న పొడవాటి రిజిస్టరు. పేజీ పైన తేదీ, 'ఈ దినము సమావేశమైన ట్రస్టీలు' అని పేర్లు, ఎదురుగా సంతకాలు. కింద రెండు తీర్మానాలు. ఆ తర్వాత సగం పేజీ ఖాళీ. ఆ ఖాళీలో తర్వాత ఎప్పుడో వేరే ఇంకుతో మూడో తీర్మానం వచ్చి కూర్చుంటుంది. 'ఫలానా బ్యాంకులో కొత్త ఖాతా తెరవడానికి మేనేజింగ్ ట్రస్టీకి అధికారం ఇవ్వడమైనది' అని. సంతకాలు పైనే ఉన్నాయి కదా! బ్యాంకులో కౌంటరు ఇవతల కూర్చుని ఇలాంటి తీర్మానాల కాపీలు చాలా చూశాను. తీర్మానాలు రాయడం పూర్తయ్యాకే చివర సంతకం పెట్టండి, కింద మిగిలిన ఖాళీకి అడ్డంగా గీత కొట్టండి. ఏదైనా మీకు నచ్చకపోతే 'నేను ఒప్పుకోలేదు' అని రాయించి సంతకం చేయండి. ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. మీటింగ్‌కు రాలేకపోతే ముందే మెసేజ్ పెట్టండి, తర్వాత ఇంటికి రిజిస్టరు పంపించి సంతకం పెట్టమంటే పెట్టకండి.

చెక్ పవర్ ఇస్తామంటే ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతా అయితేనే ఒప్పుకోండి. ఒప్పుకున్నాక ఖాళీ చెక్కుల మీద సంతకం పెట్టి పుస్తకం కార్యదర్శి దగ్గర ఉంచొద్దు. 'మేడం, మీరు కాలేజీలో ఉంటారు, ఆదివారానికి కూరగాయలు, బియ్యం కొనాలి, ప్రతిసారీ మీ దగ్గరకు రావాలా' అంటారు. ఆ ఇబ్బంది నిజమే. దానికి తీర్మానం చేసి కొంత చేతి ఖర్చు సొమ్ము వంటగదికి కేటాయించండి. అది ఖర్చయ్యాక బిల్లులు చూపిస్తేనే మళ్లీ అంత ఇవ్వాలి. కిరాణా కొట్టు చీటీ అయినా సరే, తేదీ, కొట్టు పేరు, ఎవరు కొన్నారో సంతకం ఉంటే వోచర్‌కు జతచేయొచ్చు.

ఫోన్‌పే గురించి కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీళ్లలో ఉన్నప్పుడు మీరూ అక్కడే తిరిగి ఉంటారు. అన్నం పొట్లాలు, పాలు, నీళ్ల బాటిళ్లు ట్రాక్టర్ల మీద, పడవల మీద వెళుతుంటే ఎవరికి రసీదు పుస్తకం గుర్తుంటుంది? నాకు తెలిసిన ఒక చోట కార్యదర్శి సొంత ఫోన్ నంబరే వాట్సాప్‌లో తిరిగింది. దాతల డబ్బు, ఆయన ఇంటి కరెంటు బిల్లు, కూతురి ఫీజు అన్నీ ఒకే స్టేట్‌మెంట్‌లో కలిసిపోయాయి. మనిషి నిజాయతీపరుడే, తన జేబులోంచి కూడా వేశాడు. అయినా నెలల తరబడి ఒక్కో ఎంట్రీ పక్కన పెన్నుతో గుర్తులు పెట్టుకుంటూ కూర్చోవాల్సి వచ్చింది. కొందరు దాతలకు చివరికి రసీదు ఇవ్వలేకపోయారు. అందుకని చేరిన వెంటనే ట్రస్టు ఖాతాకు ట్రస్టు పేరు మీదే క్యూఆర్ కోడ్ తీయించండి. ఆపద వచ్చినరోజు వెతుక్కుంటే దొరకదు.

రసీదుల్లో ఇంకో మాట. నగదుగా 2,000 రూపాయలు దాటి ఇస్తే ఆ విరాళానికి 80జీ మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగికి ఎలా ఇచ్చినా రాదు. ఇది దాతకు ముందే చెప్పండి, తర్వాత ఆయన ఆడిటర్ చెప్పి గొడవయ్యేకన్నా నయం. 80జీ ఉన్న ట్రస్టు ఏ దాత ఎంత ఇచ్చాడో ఏటా పన్ను శాఖకు పంపాలి. పాత పద్ధతిలో దానికి గడువు మే 31. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. దాత పాన్ నంబరు అప్పుడే రాసుకోకపోతే మే నెల ఎండల్లో ఫోన్లు చేసుకుంటూ కూర్చోవాలి.

డబ్బు పెట్టాలా అంటే, చట్టప్రకారం అక్కర్లేదు. మొహమాటానికి మాత్రం పెట్టాల్సి వస్తుంటుంది. ఎవరో ఒక ట్రస్టీ 'నెలకు తలా ఇంత' అంటాడు, అందరూ తలూపుతారు. మీకు వీలైనంత ముందే చెప్పి దానికే కట్టుబడండి. మీ జేబులోంచి ఖర్చు పెట్టినది అప్పా, విరాళమా అన్నది ఆరోజే రాయించండి. ట్రస్టీగా చేసిన పనికి ఫీజు తీసుకోకూడదన్నది సాధారణ సూత్రం. ఆటో ఖర్చులు, జెరాక్సులు బిల్లు పెట్టి తీసుకోవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. టైమ్ విషయానికొస్తే రెండు మూడు నెలలకో మీటింగ్, సెప్టెంబరు, అక్టోబరుల్లో ఆడిట్ హడావుడి, మధ్యలో వాట్సాప్ గ్రూపు. గ్రూపు తినే టైమే ఎక్కువ.

మీరు ట్యూషన్లు, భోజనం అన్నారు కాబట్టి ఈ రెండింటికీ ప్రత్యేకంగా చెబుతాను. పిల్లలతో పని అంటే ఎవరు చదువు చెబుతున్నారు, ఒంటరిగా గదిలో ఉంటున్నారా, తలుపు తెరిచి ఉంటోందా అన్నది ట్రస్టీ కళ్లారా చూడాలి. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పడం తప్పనిసరి. సంస్థ పరువు పోతుందని లోపల సర్దుకోవడానికి వీల్లేదు. సంస్థ బాధ్యులు చెప్పకపోతే ఏడాది దాకా జైలు ఉంటుంది. ట్యూషన్ల వరకు సరే, పిల్లలను రాత్రిళ్లు ఉంచి పోషిద్దాం అని ఎవరైనా ప్రతిపాదిస్తే ఆగమనండి. బాలల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకుండా హోమ్ నడపకూడదు. ఇక భోజనం. ఆహార భద్రతా చట్టంలో 'లాభం కోసమైనా కాకపోయినా' అన్న మాట స్పష్టంగా ఉంది. ఉచితంగా వండిపెట్టినా ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ సంగతి చూసుకోవాలి. అది వాళ్ల దగ్గర ఉందో లేదో అడగండి. పొద్దున వండిన సాంబారు మధ్యాహ్నం ఎండలో గిన్నెలో ఎంతసేపుంటుందో ఒక ఆదివారం వెళ్లి చూడండి.

ఇంట్లోవాళ్లు భయపడటంలో అర్థం ఉంది. వాళ్లకు నేను చెప్పిన కాగితాలే చూపించండి. ఈ పని మన వైపు కొత్తదేం కాదు. 1914లో బెజవాడలో తొలి గ్రంథాలయ మహాసభ పెట్టినవాళ్లూ, 1922లో గుంటూరులో ఆడపిల్లల చదువుకు శారదానికేతనం పెట్టిన ఉన్నవ దంపతులూ నలుగురినీ కూడగట్టే పని సాగించారు. ఒక్క మనిషి చేతిలో ఉండిపోయిన సంస్థ ఆ మనిషి మంచాన పడగానే ఆగిపోతుంది. మీలాంటి బయటి మనిషిని అడుగుతున్నారంటే అది వాళ్లకు తెలిసే అడుగుతుండొచ్చు. అందుకే మొదట్లోనే చేరండి అన్నాను.

చేరాక మీ పేరు కాగితాల మీదకు ఎక్కడం కూడా మీరే చూసుకోండి. నియామక తీర్మానం, డీడ్ కోరితే అనుబంధ పత్రం, బ్యాంకులో కేవైసీ, పన్ను శాఖ పోర్టల్‌లో ట్రస్టీల జాబితా. రేపు మానేసినప్పుడు ఇవే చోట్ల పేరు తీయించుకోవాలి. బ్యాంకులో తీయించుకోవడం మరచిపోయి ఏళ్ల తర్వాత నోటీసులు అందుకున్నవాళ్లున్నారు.

చివరిగా మీ అన్నయ్య. ఆయన పాస్‌పోర్టు ఏదో అడగండి. ఇంకా భారత పాస్‌పోర్టే ఉండి, తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు కాపీ ఒకటి ఫైల్లో పెట్టుకుని తీసుకోండి. అమెరికా పౌరసత్వం వచ్చేసి ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే) కార్డు మీద ఉంటే మాత్రం ఆయన విదేశీ దాతే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని ట్రస్టు ఆయన దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. ఆయన సంక్రాంతికి వచ్చి రూపాయల్లో ఇచ్చినా అదే లెక్క. రిజిస్ట్రేషన్ కావాలంటే మామూలుగా సంస్థ పెట్టి మూడేళ్లయి ఉండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలు ఆశయాల మీద ఖర్చు చేసి ఉండాలి, వచ్చే డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. మీరు చెప్పిన ట్రస్టు స్థాయికి అది ఇప్పట్లో అయ్యే పని కాదనిపిస్తోంది. 'అన్నయ్య మీ ఖాతాలో వేస్తే, మీరు ట్రస్టుకు ఇచ్చేయండి' అని సలహా ఇచ్చేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఆ దారి వద్దు. సంతకం పెట్టబోయేది మీరు.